ఫ్లోరైడ్ కొలిచే మైక్రోఫ్లూయిడిక్ చిప్: పీడీఎంఎస్ లీక్ అవుతోంది, యాక్రిలిక్‌కి మారాలా?

విభాగం: ల్యాబ్ పనులు › పాలిమర్ చిప్‌లు, సెన్సర్లు

నల్గొండ_కుర్రోడు · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఎం.టెక్ రెండో ఏడాది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌ను మైక్రోఫ్లూయిడిక్ చిప్ (వెంట్రుకంత సన్న చానెళ్లలో ద్రవాలు నడిపే ముక్క) మీద రంగు పద్ధతిలో కొలవడం నా ప్రాజెక్టు. వై ఆకారంలో చానెల్ గీశాను. ఒక కొమ్మలోంచి నీళ్లు, రెండో కొమ్మలోంచి జిర్కోనియం-స్పాడ్న్స్ రియేజెంట్ (ఫ్లోరైడ్ తగిలితే వెలిసే ఎర్ర రంగు) వస్తాయి. కలిశాక 3 సెం.మీ. చానెల్, దాని చివర 2 మి.మీ. గుండ్రటి గది. గది పైన ఆకుపచ్చ ఎల్‌ఈడీ, కింద ఫోటోడయోడ్. చానెల్ వెడల్పు 200 మైక్రాన్లు, లోతు అంతటా 100 మైక్రాన్లు. మొత్తం ఫ్లో నిమిషానికి 20 మైక్రోలీటర్లు.

మోల్డ్‌ని రెజిన్ త్రీడీ ప్రింటర్ మీద తీశాను, అందులో పీడీఎంఎస్ (పారదర్శకమైన సిలికాన్ రబ్బరు) పోశాను. మూడు బాధలు:

పీడీఎంఎస్ మోల్డ్‌కి తగిలిన వైపు జిగటగా ఉండిపోతోంది. ప్లాస్మా చేసి (అయనీకరించిన వాయువుతో ముఖాన్ని అతుక్కునేలా చేసి) గాజు స్లైడుకి అతికిస్తే అంచుల దగ్గర లీక్ అవుతోంది. లీక్ కాని చిప్‌లో కూడా లీటరుకి 0.5 మి.గ్రా. నమూనాకీ 1.5 మి.గ్రా. నమూనాకీ రీడింగులో తేడా కనపడటం లేదు.

మా గైడ్ "యాక్రిలిక్‌లో చేసెయ్" అంటున్నారు. నేను చదివిన పేపర్లన్నీ పీడీఎంఎస్‌లోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

సిలికాన్_అక్క · సోమవారం రాత్రి 10:05

మెటీరియల్ సంగతి తర్వాత. నీ మూడు బాధలకీ కారణాలు వేరువేరు. మొదటి రెండూ మోల్డ్ నుంచి వచ్చాయి, మూడోది డిజైన్ నుంచి.

పీడీఎంఎస్ గట్టిపడేది ప్లాటినం ఉత్ప్రేరకంతో. గంధకం, అమైన్లు, తగరం సమ్మేళనాలు తగిలితే ఆ ప్లాటినం చచ్చుబడిపోతుంది. రెజిన్ ప్రింట్‌లో మిగిలిపోయిన మోనోమర్, ఫోటోఇనిషియేటర్ కూడా అంత పనీ చేస్తాయి. అందుకే మోల్డ్‌కి తగిలిన వైపే జిగట, పైన బాగానే గట్టిపడి ఉంటుంది. అవునా? లేటెక్స్ గ్లోవ్స్ వేసుకుని కలిపినా ఇదే తంతు. నైట్రైల్ వాడు.

ప్రింట్‌ని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)లో బాగా కడిగి, యూవీ కింద పెట్టి, తర్వాత ఓవెన్‌లో రాత్రంతా ఉంచితే చాలావరకు పోతుంది. కానీ ఒక చిక్కు మిగులుతుంది. గాజుకి అతుక్కోవాల్సిన ముఖం ఏది? మోల్డ్ నేల మీద పడిన ముఖమే. ప్రింటర్ పొరల గీతలు, పిక్సెల్ మెట్లు అన్నీ దానికి అచ్చు పడతాయి. ప్లాస్మా బాండింగ్‌కి రెండు ముఖాలూ ఒకదానికొకటి పూర్తిగా తగలాలి. గీతలుంటే ఆ సందుల్లోంచే నీళ్లు పాకుతాయి. నీ లీక్ అదే అయ్యుంటుంది.

గది సంగతి ఇంకోటి. 2 మి.మీ. వెడల్పు, 100 మైక్రాన్ల లోతు అంటే ఇరవైకి ఒకటి. పీడీఎంఎస్ రబ్బరు, దాని యంగ్స్ మాడ్యులస్ (ఎంత బిగువో చెప్పే అంకె) ఒకటి నుంచి మూడు మెగాపాస్కల్స్ మధ్యే. అంత వెడల్పు కప్పు కిందకి వాలుతుంది, బాండింగ్‌లో నొక్కినప్పుడు నేలకి అంటుకుపోయినా ఆశ్చర్యం లేదు. మధ్యలో స్తంభాలు పెట్టాలి, లేదా గదే మానెయ్యాలి.

నల్గొండ_కుర్రోడు · సోమవారం రాత్రి 10:31

అవును అక్కా, పైభాగం బాగానే గట్టిపడింది! ఎస్‌యూ-8 (కాంతితో గట్టిపడే పాలిమర్) మోల్డ్ చేయాలంటే మా దగ్గర క్లీన్‌రూమ్ లేదు. బెంగళూరు ఐఐఎస్సీలో బయటివాళ్లకి అవకాశం ఇచ్చే ప్రోగ్రామ్ ఉందని విన్నా, కానీ దరఖాస్తు, వంతు, ప్రయాణం... నాకున్న టైమ్‌లో కష్టం.

సిలికాన్_అక్క · సోమవారం రాత్రి 10:48

200 మైక్రాన్లకి క్లీన్‌రూమ్ ఎందుకు? ఊళ్లో బైకులకి రేడియం స్టిక్కర్లు కట్ చేసే షాపు ఉంటుంది కదా, అక్కడి కటింగ్ ప్లాటర్ చాలు. గాజు స్లైడు మీద టేపు పొరలు అంటించి, చానెల్ ఆకారం మాత్రం ఉంచి మిగతాది ఒలిచెయ్. నేల గాజు కాబట్టి అద్దంలా నున్నగా ఉంటుంది. లోతు ఎన్ని పొరలు వేశావన్నదాన్ని బట్టి. మామూలు టేపు పొర యాభై, అరవై మైక్రాన్లు ఉంటుంది, మైక్రోమీటర్‌తో కొలుచుకో. మూలలు పదునుగా రావు, నీ పనికి అవసరం లేదు కూడా. టేపు జిగురు కూడా పీడీఎంఎస్‌ని చెడగొట్టొచ్చు, కాబట్టి ముందు ఒక మూల ఒక చుక్క వేసి గట్టిపడుతుందో లేదో చూడు.

మిగతాది అందరికీ తెలిసిందే: బరువులో 10:1, తెల్లగా నురగ వచ్చేదాకా కలపడం, డెసికేటర్‌లో గాలి తీయడం, 65 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు లేదా 80 దగ్గర రెండు గంటలు. ప్లాస్మా అయ్యాక నిమిషంలోపు అతికించు. ఒక ముక్క మీద నీటి చుక్క వేసి చూడు, పరుచుకుంటే ప్లాస్మా పనిచేసినట్టు. ఎక్కువసేపు పెడితే ఎక్కువ అతుక్కుంటుందని మాత్రం అనుకోకు. ఉపరితలం గాజులా పెళుసెక్కి సన్న పగుళ్లొస్తాయి, బాండ్ బలహీనపడుతుంది.

నీళ్లపరీక్ష_మాస్టారు · మంగళవారం ఉదయం 6:20

బాబూ, మూడో బాధ గురించి నేను చెబుతాను. నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను, స్పాడ్న్స్‌తో చాలా ఏళ్ల పరిచయం.

మామూలుగా ఈ పరీక్షలో 10 మి.మీ. క్యువెట్ పెట్టి 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. నువ్వు పైనుంచి కిందికి 100 మైక్రాన్ల లోతులోంచి చూస్తున్నావు. బీర్-లాంబర్ట్ సూత్రం ప్రకారం (వెలుతురు దారి ఎంత పొడవో శోషణ అంత) నీకొచ్చే శోషణ క్యువెట్‌లో వచ్చేదానిలో నూరో వంతు. పైగా ఈ పద్ధతిలో ఫ్లోరైడ్ రంగు పుట్టించదు, ఉన్న రంగుని తగ్గిస్తుంది. జిర్కోనియంని ఫ్లోరైడ్ లాగేసుకుంటే ఎరుపు వెలుస్తుంది. అంటే పెద్ద సంఖ్యలో చిన్న తగ్గుదలను పట్టుకోవాలి. దాన్ని నూరో వంతు చేసుకున్నాక ఏం కనపడుతుంది?

ఇంకోటి, ఆ ఎల్‌ఈడీ ఏది? కళ్లు జిగేల్‌మనే కొత్తరకం ఆకుపచ్చవి 520-530 దగ్గర ఉంటాయి. పాత రేడియోల్లో మిణుకుమనే మసక ఆకుపచ్చవి 565-570 దగ్గర. నీకు కావాల్సింది ఆ పాతదే.

అనుమానం_అప్పారావు · మంగళవారం ఉదయం 8:02

అసలు చిప్ ఎందుకండీ? ఫ్లోరైడ్ అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఉంది. లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం, టీసాబ్ బఫర్ కలుపు, ముంచు, చదువు. అల్యూమినియం, ఇనుము అడ్డం వచ్చినా టీసాబ్ చూసుకుంటుంది. ఇంత గోల పెట్టుకుని చిప్ చేసి చివరికి మామూలు పరీక్ష కిట్టు చేసే పని చేస్తే ఎవరికి లాభం?

నల్గొండ_కుర్రోడు · మంగళవారం ఉదయం 8:40

సార్, ఒక్కసారి కొలవడానికైతే మీరన్నది నిజమే. మా ఆలోచన వేరు. బోరు దగ్గరే పెట్టి రోజుకి కొన్నిసార్లు దానంతట అదే కొలిచేలా చేయాలి. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోయినప్పుడు ఫ్లోరైడ్ ఎలా మారుతుందో చూడాలి. ఎలక్ట్రోడ్‌ని అక్కడ వదిలేస్తే మాటిమాటికీ క్యాలిబ్రేషన్ కావాలి, ఖరీదు కూడా. చిప్ అయితే ఒక్క కొలతకి రియేజెంట్ కొన్ని మైక్రోలీటర్లు చాలు. మిషన్ భగీరథ నీళ్లొచ్చాక తాగేది మారింది గానీ పొలాల దగ్గర ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నారు.

అనుమానం_అప్పారావు · మంగళవారం ఉదయం 9:15

సరే, ఎక్కడో వదిలేసి రావాల్సిన పరికరమైతే ఆ వాదన ఒప్పుకుంటా. కానీ అప్పుడు పీడీఎంఎస్ వద్దనే అంటాను. అందులోంచి నీటి ఆవిరి బయటికి పోతుంది. మే నెల ఎండలో పంపు ఆగి ఉన్నప్పుడు చానెల్‌లో రియేజెంట్ చిక్కబడుతుంది. మొదటి రీడింగ్ ఎప్పుడూ తప్పే వస్తుంది.

ఫ్లోరేట్_భార్గవి · మంగళవారం మధ్యాహ్నం 1:30

మిక్సింగ్ గురించి ఎవరూ అడగలేదేంటి?

కొమ్మలు కలిసిన చోట రెండు ద్రవాలూ పక్కపక్కనే పోతాయి, కలవవు. లెక్క చూడండి. మొత్తం ఫ్లో నిమిషానికి 20 మైక్రోలీటర్లు, చానెల్ 200 × 100 మైక్రాన్లు, అంటే వేగం సెకనుకి సుమారు 17 మి.మీ. రేనాల్డ్స్ సంఖ్య రెండు చిల్లర. సుడులు పుట్టే మాటే లేదు, వ్యాపనం ఒక్కటే దిక్కు. రంగు అణువుకి వ్యాపన గుణకం సెకనుకి 5 × 10⁻¹⁰ చదరపు మీటర్లు అనుకుంటే, 200 మైక్రాన్లు దాటడానికి దాదాపు 40 సెకన్లు. ఆ 40 సెకన్లలో ద్రవం 67 సెం.మీ. పోతుంది. నీ చానెల్ 3 సెం.మీ.! సగం కలవని ద్రవాన్ని గదిలోకి పంపి కొలుస్తున్నావు తమ్ముడూ.

నల్గొండ_కుర్రోడు · మంగళవారం మధ్యాహ్నం 1:44

67 సెం.మీ.?? చిప్ అరచేతంత కూడా లేదు అక్కా.

ఫ్లోరేట్_భార్గవి · మంగళవారం మధ్యాహ్నం 2:10

పాములా మడిస్తే సరి. 4 సెం.మీ. వరుసలు 17. వరుసల మధ్య దూరంతో కలిపి సగం స్లైడులో పడుతుంది. ఒత్తిడి ఎంత కావాలో కూడా చూశాను, 20 కిలోపాస్కల్స్ చుట్టూ వస్తుంది, అంటే 0.2 బార్. సరిగ్గా అతికిన పీడీఎంఎస్-గాజు దీన్ని సులభంగా తట్టుకుంటుంది. కాకపోతే లోతు మీద కన్నేసి ఉంచు. లోతు సగమైతే ఒత్తిడి రెట్టింపు కాదు, ఆరేడు రెట్లు పెరుగుతుంది. టేపు ఒక పొర తగ్గిందో, పంపు ఆగిపోతుంది లేదా ట్యూబ్ ఊడొస్తుంది.

హెరింగ్‌బోన్ మిక్సర్ అని ఉంటుంది, చానెల్ నేల మీద చేపముల్లు ఆకారంలో గాడులు. 2002 నుంచి వాడుకలో ఉంది, బాగా పనిచేస్తుంది. కానీ దానికి రెండు లోతుల మోల్డ్ కావాలి, టేపుతో అమరిక కుదరడం కష్టం. నీకు స్థలముంది, మడిచెయ్.

ఒకటి మాత్రం గుర్తుంచుకో: కలపకుండా గదిలో నింపి పంపు ఆపేస్తే అదే కలుస్తుందిలే అనుకోకు. దూరం పెరిగితే సమయం వర్గంలో పెరుగుతుంది. ఒకటిన్నర మి.మీ. వ్యాపించాలంటే అరగంట దాటుతుంది.

కణం_కవిత · మంగళవారం మధ్యాహ్నం 3:25

నాది ఫ్లోరైడ్ కాదు, కణాల మీద మందులు పరీక్షించే చిప్. పీడీఎంఎస్ చానెల్‌లో మందు పంపితే బయటికొచ్చేసరికి గాఢత తగ్గిపోతోంది. మీకూ ఇలా రంగు తగ్గుతుందా?

సిలికాన్_అక్క · మంగళవారం సాయంత్రం 5:00

కవితా, నీళ్లంటే ఇష్టపడని చిన్న అణువుల్ని పీడీఎంఎస్ తనలోకి పీల్చుకుంటుంది. గోడకి అంటడం కాదు, లోపలికి ఇంకిపోవడం. 2006లోనే దీని మీద గట్టి పేపర్ వచ్చింది. నీ మందు కొవ్వులో కరిగే రకమైతే పీడీఎంఎస్ వదిలేయ్, సీఓసీ (ఇంకో రకం గట్టి పారదర్శక ప్లాస్టిక్) కానీ పాలీస్టైరీన్ కానీ చూడు. కుర్రోడికి ఆ భయం లేదు. స్పాడ్న్స్ మీద సల్ఫొనేట్ గుంపులు ఉంటాయి, నీళ్లలోనే ఉండటానికి ఇష్టపడుతుంది.

(కణాల చిప్‌ల మీద విడిగా థ్రెడ్ పెడితే బాగుంటుంది, ఇక్కడ కలిసిపోతుంది.)

బాలానగర్_మిల్లింగ్ · మంగళవారం రాత్రి 9:50

తమ్మీ, నేను చిప్‌లు జెయ్య, మోల్డ్‌లు, జిగ్‌లు జేస్త. కానీ యాక్రిలిక్ గురించి నాకు తెల్సింది జెప్త.

నీకు 10 మి.మీ. పొడుగు వెలుతురు పోవాలె, గంతే గదా? మరి చానెల్‌ని అడ్డం పడుకోబెట్టుడు ఎందుకు? 10 మి.మీ. మందం నల్ల యాక్రిలిక్ దిమ్మ తీస్కో. పైనుంచి కిందికి ఒకటిన్నర మి.మీ. డ్రిల్లు దించు. పైన ఒక సన్న క్లియర్ షీట్, కింద ఒక క్లియర్ షీట్. షీట్ కంపెనీ నుంచే అద్దం లెక్క నున్నగ వస్తది, గదే నీ కిటికీ. రంధ్రం గోడ గరుకుగున్నా ఏం గాదు, వెలుతురు నిలువుగ పోతది, పక్కకు పోయింది నల్లదాంట్ల ఇంకిపోతది. నీళ్లు కింది షీట్ పక్కనుంచి చిన్న గాడిల వచ్చి రంధ్రంల ఎక్కి పైనుంచి పోవాలె. కింది నుంచి పైకి పోతే బుడగ దానంతట అదే బయటికెల్తది.

లేజర్ కటింగ్ షాపుల గాడి కొట్టిపిస్తే అంచుల మీద గట్టు లేస్తది. గా గట్టు ఉంటే పై షీట్ కూసోదు, లీకయితది. గాడి అడుగు గూడ వంకర ఉంటది. మిల్లింగ్ జేపియ్యి, లేకుంటే నడుమ షీట్‌ని పూర్తిగ కోసేసి మూడు షీట్లు సాండ్విచ్ లెక్క పెట్టు.

షీట్ కొనేటప్పుడు కాస్ట్ షీట్ అని అడుగు. ఎక్స్‌ట్రూడెడ్‌ది డ్రిల్లుకు కరిగి అంటుకుంటది. డ్రిల్లు ఒక్కసారి దించొద్దు, కొంచెం దించి పైకి తీస్కుంట, సబ్బు నీళ్లు పోస్కుంట దించాలె.

నల్గొండ_కుర్రోడు · మంగళవారం రాత్రి 10:15

అన్నా, ఈ ఆలోచన నాకు తట్టనే లేదు. దండం నీకు.

సౌతాంప్టన్_శిరీష · మంగళవారం రాత్రి 11:58

బాలానగర్ అన్న చెప్పిన నల్ల దిమ్మ ఆలోచనకి ఇక్కడ ఇంగ్లండులో ఒక దగ్గరి చుట్టం ఉంది. సౌతాంప్టన్‌లోని నేషనల్ ఓషనోగ్రఫీ సెంటర్ వాళ్లు సముద్రంలోకి దింపే నైట్రేట్ సెన్సర్లని రంగు కలిపిన పీఎంఎంఏ (అంటే యాక్రిలిక్)లోనే చేశారు. చానెల్స్ మిల్లింగ్, బాండింగ్ క్లోరోఫామ్ ఆవిరితో. వాళ్లు కిటికీలు విడిగా అతికించలేదు. చానెల్ చివరకీ ఎల్‌ఈడీకీ మధ్య రంగు ప్లాస్టిక్‌నే సన్న గోడగా వదిలేశారు. ఆ సన్న గోడలోంచి కాంతి పోతుంది, పక్కదారి పట్టిన కాంతి మాత్రం మందపాటి ప్లాస్టిక్‌లో ఆగిపోతుంది. కొలత పొడవు 25 మి.మీ. దాకా పెట్టారు. సముద్రంలో నెలల తరబడి వదిలేసే పరికరానికి పీడీఎంఎస్ వాడలేదంటే ఊరికే కాదు.

క్లోరోఫామ్ ఆవిరితో ఇంకో లాభం: మిల్లింగ్ చేసిన గరుకుని కొంచెం కరిగించి నునుపు చేస్తుంది. షీట్లని కొన్ని నిమిషాలు ఆవిరి మీద పెట్టి, తర్వాత వేడి ప్రెస్‌లో 60-70 డిగ్రీల దగ్గర నొక్కడమే. పీఎంఎంఏ గ్లాస్ ట్రాన్సిషన్ (మెత్తబడే వేడి) 105 దగ్గర కాబట్టి చానెల్ ఆకారం చెడదు. ఫ్యూమ్‌హుడ్ లేకుండా మాత్రం క్లోరోఫామ్ జోలికి పోవద్దు. ఇంట్లో, హాస్టల్ రూమ్‌లో అస్సలు వద్దు.

బాలానగర్_మిల్లింగ్ · బుధవారం ఉదయం 7:10

మేం ఇక్కడ నల్ల దిమ్మ రేసింగు బైకుల పార్టులకు జేస్తుంటే, వాళ్లు సముద్రంల దింపిండ్రా. మంచిగుంది.

మిల్లింగ్, డ్రిల్లింగ్ అయినంక బాండింగ్‌కు ముందు 80 డిగ్రీల ఓవెన్‌ల కొన్ని గంటలు పెట్టి, ఓవెన్ ఆపేసి అండ్లనే సల్లారనియ్యి. లేకుంటే ప్లాస్టిక్‌ల గుంజుడు మిగుల్తది. గప్పుడు ఐపీఏతోని తుడిస్తే రంధ్రం సుట్టూ సాలీడు గూడు లెక్క పగుళ్లొస్తయ్.

నల్గొండ_కుర్రోడు · బుధవారం ఉదయం 8:30

బుడగలు పోవడానికి పీడీఎంఎస్ చిప్‌లో ముందు ఇథనాల్ పంపేవాణ్ని. యాక్రిలిక్‌లో?

సిలికాన్_అక్క · బుధవారం ఉదయం 11:20

వద్దు. ఇథనాల్ కూడా పగుళ్లు తెప్పిస్తుంది, వేడి చేసి చల్లార్చని ముక్కలో మరీ. బదులుగా చానెల్‌లో ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి, తర్వాత నీళ్లు వదులు. మిగిలిపోయిన బుడగ నీళ్లలో కరిగిపోతుంది. పీడీఎంఎస్‌కి ఒక సుఖం ఉంది, బుడగ గోడలోంచి బయటికి పోతుంది. ప్లాస్టిక్‌లో ఆ దారి లేదు, కాబట్టి ద్రవాల్లో గాలి ముందే తీయాలి. అవుట్‌లెట్ కొంచెం ఎత్తులో పెట్టడం కూడా ఉపయోగమే.

సీఓసీ_మూర్తి · బుధవారం మధ్యాహ్నం 12:45

కాస్త ఆలస్యంగా వచ్చాను. డయాగ్నొస్టిక్ కార్ట్రిడ్జిలు చేసే కంపెనీలో ఇంజెక్షన్ మోల్డింగ్ నా పని. ఈ థ్రెడ్‌లో ఎవరూ అనని మాట ఒకటి: పీడీఎంఎస్‌లో బాగా నడిచిన డిజైన్‌ని మా దగ్గరికి తెచ్చి "ఇక లక్ష చేయండి" అంటారు. కుదరదు. నిలువు గోడలుంటే ముక్క మోల్డ్‌లోంచి ఊడిరాదు, వాలు ఇవ్వాలి. పీడీఎంఎస్‌లో నొక్కితే మూసుకునే వాల్వులు గట్టి ప్లాస్టిక్‌లో మూసుకోవు. 2000లో అమెరికాలోని కాల్‌టెక్ నుంచి వచ్చిన ఆ మెత్తటి వాల్వుల మీదే కొందరి డిజైన్ మొత్తం ఆధారపడి ఉంటుంది, మళ్లీ మొదటి నుంచి గీయాల్సిందే. అదృష్టం, కుర్రోడి డిజైన్‌లో వాల్వుల్లేవు.

సీఓసీ మంచి ప్లాస్టిక్. నీళ్లు దాదాపు పీల్చదు, ఆమ్లాలకి భయం లేదు, ఇథనాల్‌కి కూడా. టోలీన్, సైక్లోహెక్సేన్ తగిలితే మాత్రం కరిగిపోతుంది. కానీ షీటు దొరకడం, ధర చూస్తే చదువుకునే పిల్లలకి పీఎంఎంఏనే మేలు. మా అనుభవంలో ముక్క అచ్చు పోయడం తేలికైన భాగం. ఏ ప్లాస్టిక్ అయినా ఏడిపించేది మూత అతికించడమే, పారేసే ముక్కల్లో ఎక్కువ అక్కడే పోతాయి.

అనుమానం_అప్పారావు · బుధవారం మధ్యాహ్నం 1:20

మూర్తి గారూ, అయితే మొదటి నుంచే ప్లాస్టిక్‌లో గీయమనొచ్చుగా? పీడీఎంఎస్ నేర్చుకుని మళ్లీ మరిచిపోవడం ఎందుకు?

సీఓసీ_మూర్తి · బుధవారం మధ్యాహ్నం 1:52

పూర్తిగా అలా అనలేను. రోజుకొక డిజైన్ మార్చి చూడాలంటే పీడీఎంఎస్‌కి సాటి లేదు. పొద్దున టేపు కోస్తే సాయంత్రానికి చిప్ చేతిలో ఉంటుంది. మిక్సర్ పొడవెంతో తేల్చుకోవడానికి అది చాలు. నా గొడవ ఒక్కటే: పేపర్ అయ్యాక కూడా అక్కడే ఉండిపోతారు.

సిలికాన్_అక్క · బుధవారం సాయంత్రం 4:30

నాకు దీంతో పూర్తి ఒప్పుదల లేదు. "పేపర్ తర్వాత ప్లాస్టిక్" అనే వరస అందరికీ వర్తించదు. గాలి పీల్చాల్సిన కణాల చిప్‌కి గాలి చొరని ప్లాస్టిక్ ఇస్తే కణాలు చచ్చిపోతాయి. ఏది కొలుస్తున్నాం, ఎక్కడ పెడతాం, ఎన్ని కావాలి, ఈ మూడూ చూడకుండా మెటీరియల్ గురించి తగువులాడి లాభం లేదు.

కుర్రోడా, నీకైతే రెంటినీ కలిపే మార్గం ఉంది. మిక్సర్ పీడీఎంఎస్-గాజు మీద, కొలిచే దిమ్మ యాక్రిలిక్‌లో. మధ్యలో చిన్న ట్యూబ్. రెండూ విడివిడిగా మార్చుకోవచ్చు. ఎవరి తప్పో కూడా తెలుస్తుంది.

ఫ్లోరేట్_భార్గవి · బుధవారం సాయంత్రం 5:15

ట్యూబ్ వీలైనంత పొట్టిగా పెట్టు. రంధ్రం ఒకటిన్నర మి.మీ. వ్యాసం, 10 మి.మీ. పొడవు అంటే 18 మైక్రోలీటర్ల దగ్గర. నిమిషానికి 20 అయితే ఒకసారి నిండటానికి నిమిషంలోపే, పాతది పూర్తిగా కడిగేయడానికి నాలుగైదు నిమిషాలు. ఇంతకీ స్పాడ్న్స్ పరీక్షకి కావాల్సిన ఐదు వంతుల నీళ్లకి ఒక వంతు రియేజెంట్ నిష్పత్తి ఎలా తెస్తున్నావు? రెండు పంపులా?

నల్గొండ_కుర్రోడు · బుధవారం సాయంత్రం 5:40

ఒక్కటే సిరంజి పంపు ఉంది అక్కా. ఇప్పటిదాకా రెండు సమానమైన సిరంజిలు పెట్టి ఒకటికి ఒకటి పంపుతున్నా.

నీళ్లపరీక్ష_మాస్టారు · బుధవారం సాయంత్రం 6:05

అయ్యో బాబూ! మామూలు పద్ధతిలో 50 మి.లీ. నీళ్లకి 10 మి.లీ. రియేజెంట్. నువ్వు నమూనాని సగానికి పలచన చేసి, రంగుని మూడు రెట్లు చేశావు. ఆ చిన్న తగ్గుదల ఇంకా మునిగిపోయింది.

ఫ్లోరేట్_భార్గవి · బుధవారం సాయంత్రం 6:30

ఒక్క పంపుతోనే అవుతుంది. పంపు రెండింటినీ ఒకే వేగంతో నెడుతుంది కాబట్టి ఫ్లో నిష్పత్తి సిరంజి వ్యాసాల వర్గాల నిష్పత్తే. 20 మి.లీ. ప్లాస్టిక్ సిరంజి లోపలి వ్యాసం 19.1 మి.మీ. ఉంటే, 3 మి.లీ.ది 8.7 ఉంటుంది. వర్గాల నిష్పత్తి 4.8. సరిగ్గా ఐదు కాకపోయినా పర్లేదు, స్టాండర్డ్‌లని కూడా ఇదే అమరికలో పంపితే తేడా క్యాలిబ్రేషన్‌లో కొట్టుకుపోతుంది. బ్రాండ్ మారితే వ్యాసం మారుతుంది, కాలిపర్‌తో కొలువు. పెద్ద సిరంజి తక్కువ ఫ్లోలో కుదుపుతుంది, అది మాత్రం చూసుకో.

నల్గొండ_కుర్రోడు · మూడు వారాల తర్వాత, ఆదివారం

అందరికీ అప్‌డేట్. స్టిక్కర్ షాపులో టేపు కోయించి మోల్డ్ చేశాను. షాపాయన "ఇది ఏ బండికి అంటిస్తారు" అని అడిగాడు. పీడీఎంఎస్ జిగట లేదు, లీక్ లేదు. పాము మిక్సర్ చివర సూక్ష్మదర్శినిలో చూస్తే రంగు గీత కనపడటం లేదు, అంతా ఒకే రంగు. మొదటి మలుపుల్లో ఇంకా చారలు కనపడతాయి, కాబట్టి పొడవు నిజంగానే అవసరం.

నల్ల దిమ్మ మా కాలేజీ వర్క్‌షాపులోనే డ్రిల్లు చేయించాను. క్లోరోఫామ్ జోలికి పోలేదు. పైనా కిందా క్లియర్ షీట్లని నాలుగు స్క్రూలు, ఓ-రింగులతో బిగించాను. పాత రకం ఎల్‌ఈడీ పెట్టాక 0.5, 1.0, 1.5 విడివిడిగా కనపడుతున్నాయి, గీత తిన్నగా వస్తోంది. 1.5 దగ్గర కొంచెం వంగుతోంది.

ఇప్పుడు కొత్త చిక్కు. ఊళ్లోంచి తెచ్చిన రెండు నమూనాల్లో ఒకటి ఎలక్ట్రోడ్‌తో కొలిచినదానితో సరిపోయింది. రెండోది ఎలక్ట్రోడ్ కంటే బాగా తక్కువ చూపిస్తోంది.

నీళ్లపరీక్ష_మాస్టారు · ఆదివారం సాయంత్రం 4:10

వంగడం సహజమే. స్పాడ్న్స్ 1.4 దాకానే తిన్నగా నడుస్తుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఒప్పుకునే గరిష్ఠ పరిమితే 1.5 కాబట్టి అనుమానం ఉన్న నీళ్లని పలచన చేసి చదవడం అలవాటు చేసుకో.

ఆ రెండో నమూనా ఎక్కడిది? పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లేమో కనుక్కో.

నల్గొండ_కుర్రోడు · ఆదివారం సాయంత్రం 5:02

సార్, మీకెలా తెలిసింది? ఒక ఇంట్లో పటిక, సున్నం వేసి తేర్చిన నీళ్లే అది.

నీళ్లపరీక్ష_మాస్టారు · ఆదివారం సాయంత్రం 5:30

నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించిన ఆ పటిక-సున్నం పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టారు గదయ్యా, నల్గొండ టెక్నిక్ అని! తేర్చాక కొంచెం అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది, ఫ్లోరైడ్‌ని పట్టుకుని వదలదు. స్పాడ్న్స్‌కి అది దొరకదు, కాబట్టి రీడింగ్ తక్కువ వస్తుంది. ఎలక్ట్రోడ్ దగ్గర టీసాబ్ ఆ అల్యూమినియంని విడదీస్తుంది, అందుకే అక్కడ పూర్తిగా కనపడింది.

ఇందులో చిప్‌కే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. రియేజెంట్ కలిపాక రెండు మూడు గంటలు ఆగి చదివితే అల్యూమినియం దోషం చాలావరకు తగ్గుతుంది. నీ చిప్ కలిసిన నిమిషంలోనే చదివేస్తుంది. వేగమే ఇక్కడ అడ్డం. ముడి బోరు నీళ్లకి నీ చిప్ సరే, పటిక వేసిన నీళ్లకి వాడొద్దని రిపోర్టులో స్పష్టంగా రాయి.

క్షారత ఎక్కువున్నా, క్లోరిన్ ఉన్నా ఇబ్బందే. నమూనాలు గాజు సీసాల్లో కాకుండా పాలిథిన్ సీసాల్లో తెస్తున్నావు కదా? స్టాండర్డ్‌కీ నమూనాకీ ఉష్ణోగ్రత తేడా రెండు డిగ్రీలు మించకూడదు. ఎండలో పెట్టే పెట్టెకి ఇది పెద్ద తలనొప్పి అవుతుంది.

అనుమానం_అప్పారావు · ఆదివారం రాత్రి 8:15

ఉష్ణోగ్రత విషయం నేను మొదటి రోజే అడిగి ఉండాల్సింది. దిమ్మలోనే ఒక థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) గుచ్చి, రంగు రీడింగుతో పాటు అది కూడా రికార్డు చెయ్యి. ప్రతి కొన్ని కొలతలకి ఒకసారి స్టాండర్డ్ పంపేలా ఒక మూడు దారుల వాల్వ్ పెట్టుకుంటే ఎండ గోల కొంత తగ్గుతుంది.

నల్గొండ_కుర్రోడు · ఆదివారం రాత్రి 9:00

రెండూ రాసుకున్నా సార్. బాలానగర్ అన్నా, రెండో దిమ్మలో మిక్సర్ కూడా యాక్రిలిక్‌లోనే మిల్లింగ్ చేయించాలనుకుంటున్నా, 200 మైక్రాన్ల ఎండ్‌మిల్‌తో. డ్రాయింగ్ పంపనా?

బాలానగర్_మిల్లింగ్ · ఆదివారం రాత్రి 9:40

పంపు. డీఎక్స్‌ఎఫ్ (కంప్యూటర్ డ్రాయింగ్ ఫైలు)ల పంపు, ఫోటో తీసి పంపొద్దు. గాడి లోతు ఎంతో, ఎంత అటిటు పోతే నడుస్తదో అంకెలల్ల రాయి, "సుమారు" అని రాయకు. 200 మైక్రాన్ల టూల్ 100 లోతుకు బాగనే పోతది, 300 లోతు అడిగితే విరుగుతది, గప్పుడు నన్ను అనొద్దు. మలుపుల కాడ మూలలు గుండ్రంగ ఉంచు, లేకుంటే టూల్ ఆడ ఆగి ప్లాస్టిక్‌ని కాలుస్తది. థర్మిస్టర్ గుచ్చే రంధ్రం గూడ ఇప్పుడే గీసి పంపు, తర్వాత డ్రిల్లు వెడితే పగుల్తది.